చేతి వైపర్

మెకానిక్ దేముడిని పట్టుకున్న బాధ ఒకటే. పాత జీపు మొత్తం సిద్ధమైంది, వైపర్ ఒక్కటే దొరకలేదు.

మామూలు వైపర్ అయితే ఎక్కడైనా దొరుకుతుంది. ఇది యుద్ధకాలం నాటి జీపు. దీని వైపర్‌కి మోటారు ఉండదు. అద్దం ఫ్రేముకి పైన చిన్న పిడి ఉంటుంది, దాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతుంటే బయట బ్లేళ్లు ఆడతాయి. ఈ కాలం పిల్లలకి చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, అలాంటి జీపులో వానలో పాడేరు సంతకి వెళ్లినవాడికి తెలుస్తుంది ఆ కిర్రు కిర్రు ఎంత బాగుంటుందో. తడిసిన టాపు వాసన, పెట్రోలు వాసన, కాళ్ల కింద అల్లం బస్తాలు. ఆ సుఖమే వేరు. సరే, అసలు సంగతికి వస్తాను.

మాడుగుల నుంచి పాడేరు వెళ్లే దారిలో, ఘాట్ రోడ్డు ఎక్కబోయే ముందు గవరయ్య మేస్త్రి షెడ్డు ఉండేది. ఆయన దగ్గర ఇద్దరు శిష్యులు. పెద్దవాడు దేముడు. చిన్నవాడు జగ్గారావు, దేముడి భార్యకి తమ్ముడు. ఆ అమ్మాయి ఇద్దరికీ కలిపి ఒకే క్యారియర్ పంపేది. బావా బామ్మర్దులు బానెట్ పక్కన గోనె పరుచుకుని, ఒకరి కంచంలోంచి ఒకరు లాక్కుంటూ తినేవారు. ఆ వేళాకోళం వినడానికే నేను మధ్యాహ్నం పూట ఏదో ఒక వంకతో షెడ్డుకి వెళ్లేవాణ్ణి.

ఆ జీపు పాడేరు అవతల కాఫీ తోటల పెద్దాయనది. వాళ్ల నాన్న నడిపినప్పుడు ఎలా ఉండేదో అలాగే కావాలన్నాడు. దేముడు ఆ మాటని మంత్రంలా పట్టుకున్నాడు. హెడ్‌లైటు రింగుల కోసం రాయగడ వెళ్లాడు. పెట్రోలు డబ్బా కట్టే బెల్టు కోసం విశాఖపట్నం పాత ఇనప కొట్లన్నీ తిరిగాడు. నట్టు వేరే జీపుదైనా సరే, ఊడదీసి అవతల పారేసేవాడు.

జగ్గారావుకి ఓపిక పోయింది. దేముడు వైపర్ వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతుండగా, ఫ్రేముకి బెజ్జం వేసి కరెంటు మోటారు వైపర్ బిగించేశాడు. వానాకాలం వచ్చేసింది, పెద్దాయన ఒంటరిగా బండి తోలుకుంటూ అద్దం కూడా ఎలా తుడుచుకుంటాడన్నది వాడి వాదన. అదీ తప్పని అనలేం.

కానీ దేముడు తిరిగొచ్చి ఆ బెజ్జం చూశాడు. చూసి, నా ఇంటి తిండి తింటూ నా పనే పాడు చేస్తావా అనేశాడు.

బెజ్జం గురించి ఎంత తిట్టినా జగ్గారావు పడేవాడే. తిండి మాట అనేసరికి వాడి మొహం మాడిపోయింది. ఆ రోజు నుంచి క్యారియర్ ముట్టుకోలేదు, హోటల్లో తినడం మొదలుపెట్టాడు. బావా అని పిలవడం మానేసి దేముడు గారూ అనేవాడు. ఈ జీపు అప్పగించేశాక అనకాపల్లిలో వేరే షెడ్డుకి వెళ్లిపోతానని అక్కడ మాట కూడా ఇచ్చేశాడు. అక్క మాత్రం ఇద్దరికీ వండి పంపుతూనే ఉంది. సగం అన్నం వెనక్కి వెళ్లేది.

ఇంత జరుగుతున్నా గవరయ్య మేస్త్రి ఇద్దరినీ ఏమీ అనలేదు. మీరు ఒక్క మాట చెబితే సరిపోతుంది కదండీ అని నేనే ఉండబట్టలేక అడిగాను. ఆయన స్పార్క్ ప్లగ్గుకి గరుకు కాయితం రుద్దుకుంటూనే ఉన్నారు.

చివరికి జయపురంలో ఎవరో ముసలి పాతసామాన్ల వ్యాపారి దగ్గర దొరికింది వైపర్. దేముడు దాన్ని తువ్వాల్లో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. మోటారు ఊడదీశాడు. బెజ్జం పూడ్చి రంగేశాడు. చేతి వైపర్ బిగించి, మేస్త్రి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు సెప్పండి మేస్త్రి గారూ. ఇది ఒరిజినలా, కాదా?"

అవతల జగ్గారావు పానాలు తుడుస్తున్నాడు. తుడుస్తున్న చెయ్యి ఆగింది. వాడికీ తెలుసు, అడుగుతున్నది జీపు గురించి కాదని.

మేస్త్రి కొండ వైపు చూశారు. పైన మబ్బు దిగుతోంది.

"ఓసారి కొండెక్కి వద్దాం. జగ్గా, నువ్వు ముందు కూకో."

గురువు మాట కాదనలేక జగ్గారావు ఎక్కాడు. మేస్త్రి వెనక కూర్చుని నన్నూ రమ్మన్నారు. నాకు ఇంకేం కావాలి, ఎగిరి కూర్చున్నాను.

సగం కొండ ఎక్కేసరికి వాన పట్టుకుంది. ఇప్పటి వానలు కావు, కుండలతో గుమ్మరించినట్టు. అద్దం తెల్లగా అయిపోయింది. దేముడు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి చాచి పిడి తిప్పాడు. వంపు దగ్గర గేరు మార్చాలంటే పిడి వదలాలి. వదిలితే దారి కనపడదు. ఆ స్టీరింగు పట్టుకోవడానికి రెండు చేతులూ చాలవు, అదొకటి.

కాసేపు చూసి, తుడవరా అన్నాడు దేముడు, పక్కకి తిరక్కుండా.

"దేముడు గారి వైపర్ కదా, దేముడు గారే తుడుసుకోవాలి. లేపోతే అద్దం ముందుకి పడుకోబెట్టేయండి. అదీ ఒరిజినలే," అన్నాడు జగ్గారావు.

నిజమే, ఆ జీపుల అద్దం బానెట్ మీదకి మడిచేయొచ్చు. నాకు నవ్వొచ్చింది గానీ, పక్కన లోయ చూసి మింగేశాను. మేస్త్రి మాత్రం టాపు కమ్మీ పట్టుకుని నిమ్మళంగా కూర్చున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ జీపులకి స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. మన రోడ్ల మీద వంపు తిరిగేటప్పుడు ఎదురొచ్చే బండి ముందుగా కనిపించేది నడిపేవాడికి కాదు, పక్కనున్నవాడికి.

పెద్ద వంపు వచ్చింది. దేముడు పిడి వదిలేసి గేరు మీద చెయ్యి వేశాడు. అద్దం మళ్లీ తెల్లబడింది. ఇంజను మూలుగుతోంది.

జగ్గారావు చెయ్యి లేచింది. కిర్రుమంది పిడి.

"బస్సొస్తంది బావా. ఎడమకి తీ. ఇంకా. ఇంకొంచెం. సాలు."

బస్సు మమ్మల్ని రాసుకుంటున్నట్టే వెళ్లిపోయింది. జగ్గారావు చెయ్యి ఆపలేదు. తర్వాతి వంపు దగ్గర, ఖాళీగా ఉంది బావా, లాగీ అన్నాడు. ఆపైన, గేరు ఇప్పుడొద్దు అన్నాడు. దేముడు నిజంగానే మార్చలేదు.

వెనక మేస్త్రి నా చెవిలో చెప్పారు, తను క్లీనరుగా ఉన్న రోజుల్లో లోవరాజని ఓ డ్రైవరు పక్కన కూర్చుని కొండ పైదాకా ఇలాగే తుడిచేవారట. భుజం లాగేసేదట. ఆ నొప్పి తెలియకుండా లోవరాజు ఇంజను గురించి కబుర్లు చెప్పేవాడట.

"నాకు పని వొచ్చింది ఆ కబుర్లలోనే," అన్నారు.

ఆయన కళ్లు ముందు సీట్ల మీదే ఉన్నాయి. అక్కడ ఎవరు కనిపించారో ఆయనకి.

పైన టీ కొట్టు దగ్గర ఆగాం. అందరం అల్లం టీ తాగాం. దేముడు మేస్త్రి దగ్గరికి వెళ్లాడు, ఏదో అడగబోయాడు, ఖాళీ గ్లాసు అందుకుని వచ్చేశాడు.

దిగేటప్పుడు చాలాసేపటికి జగ్గారావు గొంతు సవరించుకున్నాడు.

"అక్క ఏటి వండింది?"

"నీకిష్టమని ఆనపకాయ పులుసు. రోజూ అదే. నాకు మొహం మొత్తీసింది," అన్నాడు దేముడు. కాస్త ఆగి, "ఆ తిండి మాట నేను అనకుండా ఉండాల్సిందిరా," అన్నాడు.

జగ్గారావు పిడి తిప్పుతూ ఉన్నాడు.

ఇంకో రెండు వంపులు దిగాక వాన ఆగిపోయింది. కొండ మీద ఎండ కూడా పడింది. పొడి అద్దం మీద రబ్బరు ఆడితే గీతలు పడతాయని ఏ మెకానిక్కయినా చెబుతాడు. జగ్గారావు చెయ్యి ఆడుతూనే ఉంది. పక్కన బండి తోలుతున్న దేముడు ఆపమనలేదు.

నేను ఊరుకోలేక, వాన ఆగిందిరా అనబోయాను.

మేస్త్రి నా మోకాలి మీద చెయ్యి వేశారు.

"ఉండనీ," అన్నారు.