కోర్యహిట్టన్ కొలిమికి తొలి బుట్ట

స్వీడన్ దేశంలో, దట్టమైన అడవుల నడుమ, ఒక వాగు పక్కన కోర్యహిట్టన్ అనే చిన్న ఊరుంది. జనం రెండు వేలకు మించరు. రంపపు బ్లేళ్లు చేసే కర్మాగారం ఒక్కటే ఊరందరికీ అన్నం పెడుతోంది. అయితే యాత్రికులు చూడవలసింది కర్మాగారాన్ని కాదు! వాగు ఒడ్డున తాటిచెట్టంత ఎత్తున నిలిచిన పాత రాతి కొలిమిని చూసి తీరాలి. అందులో నిప్పు ఆరి నూరేళ్లు దాటినా దానికి ఏటా బొగ్గు నివేదన జరుగుతూనే ఉంది.

పూర్వం ఇక్కడ గుట్టల్లో ఇనుపరాయి, అడవిలో కట్టె, వాగులో నీరు, మూడూ ఒక్కచోటే దొరికాయి. అందుకే కొలిమి వెలిసింది, దాని చుట్టూ ఊరు వెలిసింది. ఇనుము బయటికి వెళితేనే ఊళ్లోకి ధాన్యం వచ్చేది. వెలిగించిన కొలిమిని చలికాలమంతా ఆరనివ్వకూడదు. మధ్యలో ఆరితే లోపలి ఇనుము గడ్డకడుతుంది, ఇక కొలిమిని పగలగొట్టుకోవలసిందే.

అడవిలోని బట్టీల నుండి బొగ్గు, మంచు పడ్డాక, చక్రాలు లేని బండ్లపై మెత్తగా జారుతూ వచ్చేది. ఒక ఏడు పుష్యం దాటి మాఘం వచ్చినా మంచు రాలలేదు. కొలిమి మేస్త్రీ హోకన్ ఒకరి మాట వినే రకం కాదు. చక్రాల బండ్లు కట్టించాడు. గతుకుల్లో కుదిపి కుదిపి బొగ్గంతా పొడైపోయింది. ఆ పొడి పోసేసరికి కొలిమికి ఊపిరాడక మంట కుంగింది. రెండు రోజుల్లో ఆరిపోతుందని తేలిపోయి జనం ఊరు విడవడానికి మూటలు కట్టుకోసాగారు.

ఆ మధ్యాహ్నం, బొగ్గు పోయడానికి కొలిమి పైకెక్కే మెట్ల మీద, గోడకు ఆనుకుని హోకన్ కునుకు తీశాడు. కలలో కొలిమి తల్లి కనిపించి, "నాయనా, ఆకలేస్తోంది. బండి బొగ్గు నాకొద్దు. మనిషి వీపున మోసి తెచ్చింది పెట్టించు" అన్నది. ఉలిక్కిపడి లేచి చూస్తే ఎదురుగా సిగ్రిడ్! అడవిలో బొగ్గు కాల్చుకుని బతికే వితంతువు ఆమె. వీపున బుట్ట, బుట్టలో ఒక్కటీ విరగని బొగ్గు.

"మెట్లకు అడ్డం లే అన్నా, పోసి వస్తాను" అన్నది సిగ్రిడ్.

ఆడమనిషి కొలిమి పైకెక్కితే ఇనుము చెడుతుందని అక్కడి కట్టడి. హోకన్ అలవాటు కొద్దీ చేతులు అడ్డం పెట్టాడు. "మా ఆచారం తెలియదా?"

"తెలుసు. కొలిమి ఆరిపోయాక ఆ ఆచారంతో ఏం చేసుకుంటావు?"

హోకన్ సిగ్గుపడి టోపీ తీశాడు. చెయ్యి అందించి, "ఎక్కు తల్లీ" అన్నాడు. ఆ బుట్ట పడగానే మంట తెల్లగా లేచింది! అది చూసి జనం మూటలు విప్పేసి, దొరికిన బుట్టలన్నీ పట్టుకుని అడవికి పరుగెత్తారు. పదకొండు రోజులు మోశారు! పన్నెండోనాడు మంచు పడింది. ఇనుము చెడిందా? అంత మేలిరకం మళ్లీ దిగలేదంటారు! ఆనాటి నుండే ఇది కోర్యహిట్టన్, అంటే బుట్ట కొలిమి అయింది.

నేటికీ ఫిబ్రవరి తొలి శనివారం ఊరంతా బుట్టలెత్తుకుని అడవి నుండి నడిచి వస్తుంది. ఏ బండినీ రానివ్వరు. యాత్రికులూ మోయవచ్చు. మోసినవారికి చేసే పని చేజారదనీ, ఇంట పొయ్యి ఆరదనీ నమ్మకం. తొలి బుట్ట మాత్రం ఆడపడుచే పోయాలి. కర్మాగారపు పెద్ద ఎంతటివాడైనా టోపీ తీసి, మెట్ల దగ్గర నిలబడి, ఆమెకు చెయ్యి అందించాలి. చెవులు కొయ్యబారే ఆ చలిలో ఆయన టోపీ మళ్లీ పెట్టుకునేది, ఆమె దిగి వచ్చి "చాలు, పెట్టుకో" అన్నాకే. ఆమె కావాలనే నెమ్మదిగా దిగుతుంది!