షెడ్డుకు కొన్న తాళం

బుచ్చిదాసు గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా వాళ్ల చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. ఆత్మ అంటే ఏమిటని అడిగినవాడు మఠం పాకకు తాటికమ్మలు కప్పి వెళ్లాడు. మోక్షం గురించి అడిగిన రిటైర్డ్ తహసీల్దారు నాలుగు రోజులు కూర్చుని చింతపండులో గింజలు తీశాడు. పని అయ్యాక అయినా జవాబు చెప్తారా అంటే అదీ లేదు. కొందరికి ఆ పనిలోనే దొరికేది. కొందరికి అరచేతిలో బొబ్బలు మిగిలేవి. అయినా కొత్త సింగవాయి జనం ఆయన దగ్గరికి పోవడం మానలేదు, ఎందుకంటే అప్పటికి ఆ ఊళ్లో వినేవాడు ఆయన ఒక్కడే. మిగతా అందరూ మాట్లాడేవాళ్లే.

ఆ మాట్లాడేవాళ్లలో మొదటివాడు లింబాద్రి. దాసుగారి శిష్యుడు, బొడ్రాయి కమిటీ అధ్యక్షుడు, గొంతున్న మనిషి. టీవీలో ప్రతి సాయంత్రం నలుగురు కూర్చుని ఈ దేశంలోకి ఎవరు రావాలి, ఎవరు పోవాలి, ఎవరిని ఏ సరిహద్దు దాకా తరమాలి అని అరుచుకుంటుంటే, లింబాద్రి ఐదోవాడిగా ఇంట్లో కూర్చుని అరిచేవాడు. ఆ వేడి చల్లారకముందే ఒకరోజు మఠానికి వచ్చాడు. కూర్చోను కూడా లేదు.

"అయ్యా, బయటినుంచి వచ్చినోళ్లు ఎన్నేండ్లకు ఊరోళ్లయితరు?"

అడిగింది రైస్ మిల్లు హమాలీల గురించి. బీహారు నుంచి వచ్చినవాళ్లు, పద్నాలుగు మంది. మిల్లు షెడ్డులో ఉంటూ బస్తాలు మోస్తారు. ఇద్దరు ముగ్గురు భార్యలను కూడా తెచ్చుకున్నారు. మేస్త్రీ భోలాకు మొన్న దసరాకు ఆ షెడ్డులోనే ఆడపిల్ల పుట్టింది. వాళ్ల మీద లింబాద్రి ఫిర్యాదులు చాలా పొడుగు. ఆవనూనె వాసన వస్తుందట. ఫోనులో గట్టిగా మాట్లాడతారట. ఇవాళ పద్నాలుగు మంది, రేపు నూట నలభై అవుతారట, ఎల్లుండి ఓట్లు అడుగుతారట. ఊరి కుర్రాళ్ల పని లాక్కున్నారట. ఊరి కుర్రాళ్లలో ఒక్కడు కూడా ఇప్పటిదాకా ఒక్క బస్తా భుజానికెత్తిన పాపాన పోలేదన్న సంగతి ఆ ఫిర్యాదులో లేదు.

ఇంకొకటి కూడా లేదు. కొత్త సింగవాయి అనేదే వచ్చినవాళ్ల ఊరు. ముప్పై ఆరేళ్ల కింద ప్రాజెక్టు కట్టి పాత సింగవాయిని నీళ్లలో ముంచితే, లారీల్లో మంచాలు, మేకలు, ముసలివాళ్లను వేసుకుని ఈ మిట్ట మీద దిగినవాళ్లే వీళ్లంతా. అప్పుడు పక్క ఊరివాళ్లు వీళ్లను ముంపోళ్లు అన్నారు. బోరింగు దగ్గర ఆడవాళ్ల బిందెలు తన్నారు. బడిలో పిల్లలను వెనక కూర్చోబెట్టారు. ఆ దెబ్బలు తిన్న మనిషికి ఇంకొకణ్ని కొట్టడానికి చెయ్యి రాకూడదు. కానీ మనిషి విచిత్రమైనవాడు. తాను తిన్న తిట్లు ఒక్కటి కూడా పారేయడు. భద్రంగా దాచుకుని, తనకంటే వెనక వచ్చినవాడు కనపడగానే తీసి వడ్డిస్తాడు.

ఆ ఏడు వైశాఖంలో కొత్త సింగవాయి తన బొడ్రాయిని నిలబెట్టుకోబోతోంది. బొడ్రాయి అంటే ఊరి నడిబొడ్డున పాతే రాయి. అది ఉంటేనే ఊరు ఊరు. నిలబెట్టేటప్పుడు పసుపు కలిపిన బియ్యం చల్లుకుంటూ ఊరి చుట్టూ తిరిగి వచ్చి కట్టు కడతారు. కట్టు పడ్డాక మర్నాడు పొద్దున విప్పేదాకా బయటివాడు లోపలికి రాకూడదు, లోపలివాడు బయటికి పోకూడదు. గీత దాటితే ఊరికి అరిష్టం. అందుకని ముందే బయటివాళ్లందరినీ పంపేస్తారు. లింబాద్రికి ఇదే సందు దొరికింది. పోయేవాళ్లను పొమ్మనడం ఎలాగూ ఆచారమే. మళ్లీ రానివ్వకపోతే సరి. కమిటీ చేత తీర్మానం చేయించాడు: మిల్లు ఊరి బయటే ఉన్నా సరే, ముందురోజు సాయంత్రానికి హమాలీలు మూటాముల్లె సర్దుకోవాలి, షెడ్డుకు తాళం పడాలి. తాళం తానే కొన్నాడు. ఏడు లీవర్లది, ఇత్తడిది. దాన్ని లాల్చీ జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. నడుస్తుంటే ఆ బరువుకు లాల్చీ ఒక పక్కకు లాగేది.

దాసుగారు ఇదంతా విని గడ్డం గోక్కున్నారు. తర్వాత పని చెప్పారు.

"బొడ్రాయి కింద పాత ఊరి మట్టి పడాలె. ఎండలకు నీళ్లు వెనక్కి పోయినయ్, ఊరు తేలిందంట. మంగళవారం పొయ్యి పిడికెడు తే. ఇంకొకన్ని పంపకు, నువ్వే పో."

లింబాద్రికి ఈ పని నచ్చింది. మంగళవారం పొద్దున్నే బండి మీద బయల్దేరాడు. మధ్యాహ్నానికి తిరిగొస్తాడు, సాయంత్రం తన చేత్తో షెడ్డుకు తాళం వేస్తాడు, బుధవారం పొద్దున తొమ్మిదికి తన చేతుల మీద బొడ్రాయి నిలబడుతుంది. ముప్పై ఆరేళ్లుగా ఎదురుచూసిన ఘడియ. దారిలో రెండు మూడుసార్లు తనలో తానే నవ్వుకున్నాడు.

పాత సింగవాయి నిజంగానే తేలి ఉంది. ఎండిన ఒండ్రు మీద గోడల పునాదులు, కూలిన చావడి మెట్లు, నీళ్ల అంచున ఒక నలభై గుడిసెలు. ఆ గుడిసెల చుట్టూ కొందరు వేపాకు గుచ్చిన తాడు కడుతున్నారు. లింబాద్రి వాళ్లను పట్టించుకోలేదు. తాడు కింద నుంచి వంగి దూరి, పునాదులు లెక్కపెట్టుకుంటూ పోయి, తమ ఇల్లు పోల్చుకున్నాడు. కూర్చుని, కళ్లకద్దుకుని, రుమాల్లోకి మట్టి తీసుకున్నాడు. లేచి చూసేసరికి తాడు చుట్టూ బిగిసిపోయింది. ఎదురుగా ఒక ముసలామె కూర్చుని వలకు కుట్లు వేస్తోంది. ఆమె పేరు నూకాలు. సముద్రం ఒడ్డునుంచి చేపలు పట్టడానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆ గుడిసెలకు ఆమే పెద్ద. ఆమె కూర్చున్నది లింబాద్రి తల్లి జొన్నలు దంచిన రోలు మీద.

"ఏ ఊరు బాబూ మీది?" అంది నూకాలు.

"ఇదే ఊరు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ఇరవై రెండేళ్లయి నీళ్లతోపాటే గుడిసెలు జరుపుకుంటా ఈడే ఉంటన్నాం. నిన్నెప్పుడూ సూళ్లేదే" అంది నూకాలు.

లింబాద్రికి ఒళ్లు మండింది. బయటివాళ్లు మీరా నేనా అని మొదలుపెట్టి, ఇది మా ఇల్లు, అది మా గడప, నువ్వు కూర్చున్నది మా అమ్మ రోలు అని ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాడు. నూకాలు ఓపికగా విని, కాగితమేదైనా ఉందా అని అడిగింది. ఉంది. ముంపు బాధితుడి సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి ఎప్పుడూ దగ్గరే ఉంచుకునే మనిషి లింబాద్రి. జేబులో తాళం పక్కనుంచి తీసి గర్వంగా ఇచ్చాడు. నూకాలు కోడలు చదువుకున్న పిల్ల. గట్టిగా చదివింది. సదరు వ్యక్తి గ్రామమును స్వచ్ఛందముగా ఖాళీ చేసినాడనీ, అచ్చట అతనికి ఇకమీదట నివాసము గాని హక్కు గాని లేదనీ, అందుకు సమ్మతించి వేలిముద్ర వేసినాడనీ అందులో ఉంది.

"మరైతే నువ్వే ఒప్పేసుకున్నావు కదా నాయనా" అంది నూకాలు జాలిగా.

ఆ జాలి లింబాద్రికి తిట్టుకంటే ఎక్కువ తగిలింది. కాగితం లాక్కుని పోబోయాడు. పోనివ్వలేదు. ఆ రోజు వాళ్ల గంగమ్మ సంబరం. ఒక పొద్దున తాడు కడితే మర్నాడు పొద్దున అమ్మవారి ఘటం నీళ్లలో దిగాకే విప్పుతారు. అప్పటిదాకా ఎవరూ తాడు దాటకూడదు. లింబాద్రి బతిమాలాడు. తమ ఊళ్లో బొడ్రాయి అన్నాడు, అధ్యక్షుణ్ని అన్నాడు, నేను మీవాణ్ని కాను, బయటివాణ్ని, ఒట్టు, బయటివాణ్నే అన్నాడు. ఆ మాట అన్నాక తన నోటినుంచి వచ్చింది తనకే వినపడింది. ఫోను తీశాడు. ఆ ఒండ్రు మీద సిగ్నల్ లేదు.

"తాడు కట్టేసినాక లోపలున్నోళ్లంతా ఊరోళ్లే. మా అమ్మోరికి అదే లెక్క" అంది నూకాలు. "ఊరోడివి కదా, ఊరికే నిలబడతావేటి? ఎల్లి పడవ తాడు పట్టు."

పట్టక తప్పలేదు. అమ్మవారి పడవను ఒండ్రు మీద గుడిసెల చుట్టూ లాగారు. లింబాద్రి మొదట ముఖం ముడుచుకుని లాగాడు. మూడో చుట్టుకు అందరితో కలిసి కేకలు కూడా వేశాడు. పొద్దుగూకేసరికి పులుసు పెట్టారు. రెండుసార్లు వడ్డించుకున్నాడు. తింటూ, ఈ మాయదారి ముహూర్తం ఎవరు పెట్టారని అడిగాడు. కొత్త సింగవాయిలో బుచ్చిదాసు గారని పెద్దాయన ఉన్నారు, మాకు ఏటేటా ఆయనే పెడతారు అంది నూకాలు. లింబాద్రి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. ఆ రాత్రి తమ ఇంటి పునాదుల మధ్య, తల్లి రోలుకు వీపు ఆనించి పడుకున్నాడు. ముప్పై ఆరేళ్లలో అంత గాఢంగా ఎప్పుడూ నిద్రపోలేదు. ఆ సంగతి తర్వాత ఎవరికీ చెప్పలేదు.

బుధవారం ఘటం దిగి తాడు విప్పేసరికి ఏడున్నర దాటింది. బండిని ఎంత తోలినా కొత్త సింగవాయి చేరేసరికి తొమ్మిదీ పది. రోడ్డు మీద అడ్డంగా పసుపు బియ్యం గీత. గీతకు అవతల కర్ర పట్టుకుని మేనల్లుడు నరహరి. కాపలాకు అతన్ని పెట్టింది లింబాద్రే.

"జరుగురా, లోపలికి రావాలె" అన్నాడు లింబాద్రి.

"కట్టు పడ్డది మామా. తప్పిపోయిన తండ్రి వచ్చినా రానియ్యద్దని నువ్వే చెప్పినవ్ గద."

"నేను అధ్యక్షుణ్ని."

"అధ్యక్షునికి వేరే ఉన్నదని చెప్పలే నువ్వు."

లింబాద్రి రుమాలు మూట చూపించి, కనీసం పాత ఊరి మట్టి అయినా తీసుకొమ్మన్నాడు. నరహరి ఆలోచించి, మట్టి కూడా బయటినుంచి వచ్చిందే కదా అన్నాడు. ఆచారం విషయంలో అతను చాలా గట్టివాడు. మేనమామ దగ్గరే నేర్చుకున్నాడు.

అప్పుడు లింబాద్రి నరహరి భుజం మీదుగా చూశాడు. నడిబొడ్డున బొడ్రాయి నిటారుగా నిలబడి ఉంది. దాని చుట్టూ చెమటలు కక్కుతూ, పసుపు పూసుకుని, మెడల్లో బంతిపూల దండలతో నిలబడ్డవాళ్లు హమాలీలు. వాళ్లు ఇంకా ఎందుకున్నారని అడిగితే నరహరి చెప్పాడు. ఖాళీ చేయించాల్సింది అధ్యక్షుడు, తాళం అధ్యక్షుడి జేబులో ఉంది, అధ్యక్షుడు లేడు, దాంతో కమిటీలో ఎవరూ కదల్లేదు. పొద్దున రాయిని ట్రాక్టర్ మీదనుంచి దించబోతే ఊరి కుర్రాళ్ల వల్ల కాలేదు. మూడుసార్లు పట్టారు, మూడుసార్లూ వదిలేశారు, ఒకడి నడుము పట్టేసింది. ముహూర్తం దాటిపోతుంటే మిల్లుకు మనిషిని పరిగెత్తించారు. భోలా వాళ్లు వచ్చి నాలుగు పట్టులు పట్టి గుంటలో దించేశారు. వాళ్ల ఆడవాళ్లు కూడా చంటిదాన్ని ఎత్తుకుని చూడడానికి వచ్చారు. ఆ సందట్లో బియ్యం చల్లేవాడు చుట్టు తిరిగొచ్చి కట్టు కట్టేశాడు. ఇప్పుడు వాళ్లను గీత దాటిస్తే ఊరికి అరిష్టం.

పైన ఎండ మాడిపోతోంది. గీత ఇవతల చెట్టు లేదు, చేమ లేదు. ఉన్నది ఒకటే, హమాలీల రేకుల షెడ్డు. లింబాద్రి అటు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. కానీ భోలా చూశాడు. గీత దాకా వచ్చి ఆగి, వచ్చీరాని తెలుగులో అన్నాడు.

"సాబ్, షెడ్డు తలుపు తీసే ఉంది. కుండల నీళ్లున్నయ్. గోడకు నా చాప ఉంది, ఏసుకో. నీ ఇల్లే అనుకో."

లింబాద్రి చెమట తుడుచుకోబోయి రుమాలు మట్టితో ఉందని గుర్తొచ్చి జేబులో చెయ్యి పెట్టాడు. ఇత్తడి తాళం చేతికి తగిలింది. తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకు నిలబడ్డాడు.

బుచ్చిదాసు గారు వచ్చి గీత అవతల కూర్చున్నారు. ఒళ్లో భోలా కూతురు ఉంది. దాని నుదుటికి ఊళ్లో పిల్లలందరికీ పెట్టినట్టే బొడ్రాయి బొట్టు పెట్టారు. దాసుగారు శిష్యుణ్ని, తాళాన్ని, మట్టి మూటను తీరిగ్గా చూశారు. పులుసు బాగుందా అని అడిగారు. లింబాద్రి బాగుందని ఒప్పుకున్నాడు. తర్వాత, గొంతు ఎప్పటికంటే చాలా తగ్గించి, తన పాత ప్రశ్న గుర్తుచేశాడు.

"ఎన్నేండ్లకు ఊరోళ్లయితరని అడిగిన. మీరింకా చెప్పలే."

"ఈ పూట షెడ్డుల పండుకో" అన్నారు దాసుగారు. "రేపు కట్టు విప్పినంక, నేనే వచ్చి నిన్నడుగుత."