దావీదు మార్చిన సీళ్ళు

తెనాలిలో పాత కార్లు బాగుచేసే మస్తాన్ మేస్త్రిని ఏదైనా అడిగితే అప్పటికప్పుడు జవాబు చెప్పడు. చేతిలో పని కానిస్తూ ఉంటాడు. ఆయన దగ్గర జవాబు అందుకోవాలంటే అన్నం క్యారేజీ వెంట తెచ్చుకోవాలని పక్కకొట్టు వాళ్ళం నవ్వుకుంటాం.

ఒక శనివారం పొద్దున ఆయన శిష్యుడు దావీదు అడిగాడు. "మేస్త్రీ, బిడ్డ పోయినప్పటి నుంచీ నేను ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. నా బాధ నాలోనే పెట్టుకున్నాను. అయినా టీ కొట్టతను మొదలుకొని అందరూ నన్ను ముంగోపి అంటారేంటి?"

నెలల పసిగుడ్డు జ్వరంతో పోయింది. భార్య రూతు రేపల్లెలో పుట్టింటికి వెళ్ళి, రమ్మని కబురు మీద కబురు పెట్టింది. ఆమెను చూస్తే ఎక్కడ ఏడ్చేస్తానోనని దావీదు వెళ్ళలేదు, షెడ్డులోనే పడుకుంటున్నాడు. ఈ ఆదివారం కూడా రాకపోతే ఇక ఎప్పటికీ రానక్కర్లేదని ఆమె చివరి కబురు.

మేస్త్రి స్పానరు తిప్పుతూనే ఉన్నాడు. అంతలో భుజంగరావు గారి నల్ల కారు వచ్చి ఆగింది. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న పెద్దమనిషి ఆయన. కారు ఇంజను నిండా నూనె జిడ్డు. దావీదు ఇదివరకే నూనె బయటికి రాకుండా ఆపే సీళ్ళు మార్చాడు, కారడం ఆగక మళ్ళీ మార్చాడు. ఒకచోట ఆపితే ఇంకోచోట కారుతోంది.

"ఇంజను దించాల్సిందే. ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?" అని కసురుకున్నాడు దావీదు.

పెద్దాయన ముఖం చిన్నబోయింది. "దించితే మళ్ళీ నడుస్తుందా నాయనా? నాకు మిగిలింది ఇదొక్కటే."

మేస్త్రి ఇంజను నడుస్తుండగానే నూనె పోసే చోట మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి ఆనించాడు. లోపలి ఆవిరి చేతిని పైకి నెట్టింది. ఇంజను ఆపించి, ఆ ఆవిరి బయటికి పోవడానికి పక్కన ఉండే బ్రీదరు గొట్టాన్ని ఊడదీశాడు. అందులో నల్లబడిన గుడ్డ ఉండ బిగించి ఉంది. దారి లేని ఆవిరి నూనెను దొరికిన ప్రతి సందులోంచీ తోస్తోంది.

భుజంగరావు గారు గుడ్డను గుర్తుపట్టారు. "నేనే పెట్టాను. ఈ గొట్టంలోంచి వచ్చే వాసనకి మా ఆవిడకి కడుపులో తిప్పేది. ఆవిడ పోయాక తీయాలని తోచలేదు."

మేస్త్రి దాన్ని పారేయబోతే ఆయన చెయ్యి చాచి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. గొట్టం కడిగి బిగించాక ఇంజను మళ్ళీ నడిపారు. గొట్టం చివర సన్నగా పొగలాంటి ఆవిరి. జిడ్డు తుడిచిన చోట మళ్ళీ చుక్క పడలేదు. ఆ వాసనకి పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ ఒక్కరే కారెక్కి వెళ్ళిపోయారు. ఖాళీ సీటుతో వెళ్ళే ఆ కారును చూస్తే నాకు దిగులేసింది.

దావీదు, "మేస్త్రీ, నేనడిగినదానికి?" అన్నాడు.

మేస్త్రి అరచేతి నూనె తుడుచుకున్నాడు. "నువ్వేసినవి మంచి సీళ్ళేరా, లోపలిదానికి దారి లేకే కారింది. రేపల్లె బండికి ఇంకా టైముంది."