పటంలో విరగని తూము

సోమనామాత్యుడు రాజ్యంలోని చెరువులూ తూములూ వంతెనలూ అన్నీ ఒక పెద్ద గుడ్డపటం మీద గీయించాడు. బాగున్నవాటికి పసుపు బొట్టు, పాడైనవాటికి కుంకుమ బొట్టు. ఇక ఊళ్లు తిరిగి చూసే పనే లేదని ఆయన ధీమా.

ఒకరోజు సుంకులమ్మ అనే రైతు వచ్చి మొత్తుకుంది. "దొరా, మా చెరువు తూము విరిగింది. నీళ్లన్నీ వాగు పాలవుతున్నాయి. నారు ఎండిపోతోంది."

ఆయన పటం చూశాడు. "మీ తూముకి పసుపు బొట్టే ఉంది. విరగలేదు, పో!"

"ఏదీ, ఎక్కడ దొరా?" అంటూ సుంకులమ్మ వంగింది. అంతకుముందే తమలపాకుకు సున్నం రాసుకున్న వేలు ఇంకా తడిగానే ఉంది. ఆ వేలితోనే బొట్టును గట్టిగా తాకింది. "ఇదేనా?"

పసుపు బొట్టు చూస్తుండగానే ఎర్రబడింది.

అమాత్యుడు కళ్లు నులుముకున్నాడు. పటం అటూ ఇటూ తిప్పాడు, ఎండలోకి పట్టి చూశాడు. ఏమీ అంతుపట్టలేదు. పటం అబద్ధమాడదని రాజుగారి ముందు చెప్పింది తనే మరి!

"తూము విరిగింది! పరుగెత్తండి!" అని పనివాళ్లను తరిమాడు. తర్వాత అయోమయంగా అడిగాడు. "ఇంతలోనే ఎలా విరిగింది?"

"విరిగి పది రోజులైంది దొరా. మీ పటానికే కబురు ఇప్పుడు చేరింది" అంది సుంకులమ్మ, వేలు కొంగుకి తుడుచుకుంటూ.