ఎర్రకాళ్ల కొంగల పుట్టిల్లు

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. రాజులందరికీ ముగ్గురే ఎందుకుంటారని అడక్కండి. ఉంటారంతే.

ఆ రాజ్యంలో మడుగువలస అని ఓ పల్లె. మడుగు నిండా తుమ్మచెట్లు. ఏటా వానలు పడగానే ఏడు సముద్రాల అవతలి నుంచి ఎర్రకాళ్ల కొంగలొచ్చి ఆ చెట్ల మీద గూళ్లు కట్టేవి. పల్లెవాళ్లు వాటిని పక్షులనేవారు కాదు. పురిటికొచ్చిన ఆడపిల్లలనేవారు. పైడి అనే తల్లిలేని పిల్లకైతే ఆ నాలుగు నెలలే ఇల్లు నిండినట్టుండేది.

ఇంతలో పొలిమేరలో ఓ మాంత్రికుడు దిగి మాయడప్పు కొట్టాడు. ఆ మోత విన్న ప్రతివాడికీ కొంగల్ని చూడాలని మనసు పుట్టింది. బళ్లు కట్టుకుని వేలకి వేలు జనం వచ్చిపడ్డారు. "మనిషికో వరహా సుంకం పెట్టండి, మడుగు బాగుచేసుకోండి" అన్నాడు రాజు.

"ఇంటికొచ్చిన చుట్టం దగ్గర చెయ్యి చాపుతామా? ఆ పాపం మాకొద్దు" అన్నారు పల్లెవాళ్లు.

"ఆ పాపమేదో నేను మోస్తాలెండి" అన్నాడు మాంత్రికుడు.

సరేనన్నారు, వెర్రిబాగులవాళ్లు! వరహాలన్నీ ఏడు సముద్రాలు దాటి వాడి కోటకెళ్లాయి. మడుగుకి మిగిలినవి ఎంగిలాకులూ, విరిచిన కొమ్మలూ, బురదా. మూడో ఏడు వానలు పడ్డాయి గానీ కొంగలు రాలేదు.

పైడి గట్టు మీద కూర్చుని ఆకాశంకేసి చూసేది. ఆమెని చూసి చిన్న రాకుమారుడు జయధరుడు మనసు పారేసుకున్నాడు. పెళ్లాడతావా అని అడిగాడు.

"ఆడపిల్లలు పుట్టింటికి రాకుండా నేనెలా పెళ్లికూతుర్నవుతాను దొరా?" అంది పైడి.

కొంగల్ని రప్పిద్దామని పెద్దన్న సైన్యాన్ని పెట్టి దారి మూయించాడు. వచ్చేవాళ్లకి మురీలూ మరమరాల ఉండలూ అమ్ముకునేవాళ్ల పొయ్యిలు ఆరిపోయాయి, కొంగలు రాలేదు. నడిపన్న సుంకమే లేదు, అందరూ ఊరికే రండన్నాడు. జనం విరగబడ్డారు, ఒక్క చెట్టు మిగిలింది, కొంగలు రాలేదు. చిన్నవాడు మడుగులోని ముసలి తాబేలు దగ్గరికెళ్లాడు.

"మాంత్రికుడి ప్రాణం వాడి కోటలోని చిలకలో ఉంది, నా వీపెక్కు" అంది తాబేలు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. కోటలో వరహాల గుట్టల మధ్య బంగారు పంజరం. గొంతు పిసకబోతే చిలక కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నాయనా, చెట్టుకొమ్మ మీద వాలి ఎన్నేళ్లయిందో. ఒక్కసారి వాలి చచ్చిపోతాను."

జయధరుడికి చెయ్యి రాలేదు. పైగా ఓ ఉపాయం తట్టింది. చిలకని తెచ్చి, మడుగులో మిగిలిన ఆ ఒక్క తుమ్మచెట్టు మీద వదిలాడు.

మాంత్రికుడి గుండె గుభేలుమంది. చిలక చేతికందదు, కొమ్మ దిగదు. వాలడానికి ఇంకో చెట్టు లేదు, ఉన్నది కూలితే చిలక పోతుంది, చిలక పోతే వాడే పోతాడు! డప్పు తనే పగలగొట్టుకున్నాడు. వరహాలన్నీ తెప్పించి పూడిక తీయించాడు, మొక్కలు నాటించాడు, రాత్రింబవళ్లు కాపలా కాశాడు.

వరహాలు అయిపోయాయి. రాజు సుంకం మాటెత్తితే పల్లెవాళ్లు మళ్లీ చెవులు మూసుకున్నారు. అప్పుడు పైడికి ఒళ్లు మండింది.

"బాలింతని చూడ్డానికి వట్టి చేతుల్తో ఎవరొస్తారు? పురిటిగది ముందు డప్పు కొట్టేవాళ్లుంటారా? వచ్చేవాళ్లని ఆ మర్యాద పాటించమంటే పాపమా?"

పల్లెవాళ్లు చెవుల మీంచి చేతులు తీశారు. ఆనాటి నుంచి రోజుకి పది బళ్లే. మనిషికో వరహా పైడి చేతిలో పెట్టి, దూరంగా నిలబడి చూసి వెళ్లాలి. ఆ వరహాలు మడుగుకీ చెట్లకీ మాత్రమే.

కానీ చూడ్డానికేముంది? మొక్కలు చెట్లవ్వాలిగా! ఏడాది గడిచింది, రాలేదు. రెండేళ్లు గడిచాయి, రాలేదు. పైడి ఎదురుచూసింది. పైడి కోసం జయధరుడు ఎదురుచూశాడు. మళ్లీ అడిగితే ఏడుస్తుందేమోనని అడగలేదు పాపం.

మూడో ఏడు చినుకుల్లో ఒక కొంగ వచ్చి వాలింది. దాని వెనక పది. వాటి వెనక ఆకాశమంతా. పైడి జయధరుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ గట్టు మీదే పెళ్లి. "మేళం లేని పెళ్లేమిటమ్మా?" అన్నాడు రాజు.

"గుడ్లు పొదుగుతున్నారు మావయ్యా, ఉలిక్కిపడతారు" అంది పైడి.

రాజు చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. జనమంతా విప్పారు. తాళి కట్టేటప్పుడు చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. వాళ్లిద్దరూ వందేళ్లు రాజ్యమేలారు. ఆ రాజ్యంలో ఇప్పటికీ వానాకాలం పెళ్లిళ్లకి మేళం పెట్టరు.