గాల్లో నిలబడ్డ చిన్న ఈగ

ఒకప్పుడు ఈగలన్నీ బూడిద రంగులోనే ఉండేవి. ఎగరాలనిపిస్తే ఎగిరేవి, వాలాలనిపిస్తే వాలేవి. గాల్లో కదలకుండా నిలబడే తిక్క పని ఏ ఈగకీ తెలియదు.

ఆ రోజుల్లో ఒక పెద్ద కొండ మీద వలిసె చేను విరగబూసింది. కొండంతా పసుపు ఆరబోసినట్టు ఉంది. ఆ చేను గట్టున ఒక చిన్న ఈగ పుట్టింది. అలాంటి ఈగ అంతకుముందు ఆ కొండ మీద లేదు. దానికి పేరు లేదు. ఆకలి మాత్రం బోలెడు ఉంది.

పుట్టీపుట్టగానే పువ్వు మీద వాలబోయింది. పక్కన సీతాఫలం కొమ్మ మీదున్న కందిరీగ పెద్దమ్మ కసిరింది.

"ఆగే గుంటా. కొత్త గింజైనా, కొత్త పురుగైనా ముందు కొండకి చూపించాల. ఆ తరవాతే తిండి. తెల్దేటి నీకు?"

"ఎవరు చూపిస్తారు పెద్దమ్మా?"

"ఊసరవెల్లి తాత. నువ్వెలాగుంటావో, నీ పేరేటో ఆయన చెప్తాడు, కొండ ఊఁ అంటాది. కొండ ఊఁ అన్నాక మరి తిరుగులేదు."

ఊసరవెల్లి తాత కూడా ఆ చెట్టు మీదే ఉన్నాడు. ఒక్క అడుగు వేయాలంటే ముందుకి ఊగి, వెనక్కి ఊగి, తనలో తనే పంచాయితీ పెట్టుకుని అప్పుడు వేస్తాడు. ఆయనకి ఈగలంటే ప్రాణం. తినడానికి.

ఇదేం న్యాయమో చూడండి. ఈగల సంగతి చెప్పే పని, ఈగల్ని తినేవాడికే ఇచ్చారు. కొండ మీద ఎవరికీ అది వింతగా తోచలేదు.

చిన్న ఈగ భయపడుతూనే వెళ్ళింది. దగ్గరికి పోతే నాలుకకి అందుతుంది. దూరంగా ఉంటే తాత కంటికి ఆనదు.

"కదలకే. కదిలితే మళ్ళీ మొదటికే" అన్నాడు తాత.

వాలకూడదు, కదలకూడదు. వెళ్ళిపోతే ఆకలితో చావాలి. పాపం, ఏం చేస్తుంది? రెక్కలు కనపడనంత జోరుగా ఆడిస్తూ గాల్లో ఒక్కచోటే నిలబడింది.

తాత గొంతు సవరించుకున్నాడు. "దీనికి రెక్కలు రెండు."

"ఊఁ" అంది కొండ.

"మొహం నిండా కళ్ళే."

"ఊఁ."

తరవాతి మాటకి చిక్కొచ్చి పడింది. తాత కళ్ళు చెరో పక్కకి తిరుగుతాయి కదా. ఒక కన్ను ఈగ మీదే ఉంది. రెండోది కందిరీగ మీదికి పోయింది.

"ఒంటి మీద పసుపు పట్టీ, నల్ల పట్టీ, మళ్ళీ పసుపు పట్టీ" అనేశాడు తాత. కొండ ఊఁ అంది. ఈగ ఒళ్ళంతా పట్టీలు పడ్డాయి.

"ఆ కోక నాది" అంది కందిరీగ. "తాతా, కళ్ళు రెండూ ఒకేపక్క పెట్టు. ముల్లు కూడా ఇచ్చేత్తావేటి?"

"నా పని నాకు తెల్దేటి?" అని తాత విసుక్కున్నాడు. విసుగుతో పాటు ఆకలీ వేసింది. పేరు చెప్పాల్సిన నోట్లోంచి నాలుక బయటికొచ్చింది.

కదిలితే మొదటికి, కదలకపోతే తాత కడుపులోకి.

నాలుక సగం దూరం వచ్చి ఆగింది. తాత కళ్ళు రెండూ ఇప్పుడు ఒకేవైపు తిరిగాయి. ఎదురుగా పసుపు పట్టీ, నల్ల పట్టీ.

"అమ్మో, ఇది కందిరీగ. కుట్టేత్తాది" అని నాలుక చుట్టేసుకున్నాడు.

ఆ పట్టీలు చెప్పింది ఆయనే. తన మాట తనే నమ్మేశాడు. అలాంటి పెద్దమనుషులు మనకీ తెలుసు.

"కాదు తాతా, నేను ఈగని" అనబోయింది చిన్న ఈగ. అలా అంటే పేరొస్తుంది, పేరుతో పాటే ప్రాణం పోతుంది. పేరంటే దానికి ఎంత ఆశో. అయినా ఆ మాట మింగేసింది.

"మరి తినొచ్చా తాతా?"

"కందిరీగని కొత్తగా చూపించేదేటి? పో, తిను" అన్నాడు తాత వెనక్కి జరుగుతూ.

కందిరీగ పెద్దమ్మ నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. ఆ పిల్లదాని ఎండిన డొక్క చూసి మూసుకుంది.

"కోక జాగర్త, చింపకు" అంది.

అప్పటినుంచే ఆ ఈగ ముల్లు లేకపోయినా కందిరీగ కోక కట్టుకుని తిరుగుతోంది. అప్పటినుంచే ఏ పువ్వు దగ్గరికి వెళ్ళినా వెంటనే వాలదు. పువ్వు ముందు గాల్లో ఒక్కచోట నిలబడి, ఎవరైనా తన పేరు పిలుస్తారేమో అని చూస్తుంది. ఎవరూ పిలవరు. ఆకలి ఆగదు కదా, కాసేపటికి వాలిపోతుంది.