బొల్లి మలిపిన మంద

అనగనగా, కొండల నిండా పచ్చికా, పచ్చిక నిండా గొర్రెలూ ఉన్న ఒక రాజ్యం. అక్కడ ఐలవ్వ అనే కాపరికి బొల్లి అనే ఆడకుక్క తోడు.

బొల్లి మొరగదు. కరవదు. మంద చుట్టూ దూరంగా తిరుగుతుంది. దారి తప్పిన గొర్రెను తల వంచి, రెప్ప వాల్చకుండా చూస్తుంది. అంతే, గొర్రె వెనక్కి మళ్లుతుంది.

"ఇది కుక్క కాదు, కుందేలు!" అని నవ్వేవాడు రాజుగారి మందల పెద్ద భీమన్న.

"ఏదైతేనేం పెద్దయ్యా, నా బిడ్డ," అనేది ఐలవ్వ.

ఒక వానకాలం రాజుగారి మంద ఏటి నడుమ దిబ్బ మీద మేస్తుండగా వరద వచ్చిపడింది. రాజు పరుగున ఒడ్డుకు వచ్చాడు.

భీమన్న తన కుక్క పులిగాణ్ణి ఉసికొల్పాడు. అది ఒక పొట్టేలు కాలు పట్టింది. గొర్రెలు బెదిరి దిబ్బ అవతలి కొసకు పారిపోయాయి.

తన రెండో కుక్క ఉరుముగాణ్ణి వదిలాడు. దాని అరుపుకు కొండలు మారుమోగాయి. గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి బిగుసుకుపోయాయి.

నీళ్లు దిబ్బ పైకి పాకుతున్నాయి.

"అవ్వా, నీ కుక్కను పంపుతావా?" అన్నాడు రాజు.

ఐలవ్వ వంగి బొల్లి పొట్ట నిమిరింది. బొల్లి నిండు చూలాలు. పంపితే అది దక్కుతుందో లేదో! అటు దిబ్బ మీద, తొక్కిసలాటలో విడిపోయిన గొర్రెపిల్లలు తల్లుల కోసం అరుస్తున్నాయి.

"పో తల్లీ," అంది.

బొల్లి ఈదుకుంటూ పోయింది. మంద వెనక్కి చేరి, నేలకు ఒదిగి, ముందుండే ముసలి గొర్రెను చూసింది. ఒక అడుగు వేసింది. ఆగింది. మళ్లీ ఒక అడుగు. ముసలి గొర్రె నీళ్లలోకి దిగింది. దాని వెంట మందంతా దిగి, ఈది ఒడ్డెక్కింది.

అందరికంటే వెనక వస్తున్న బొల్లిని మాత్రం వరద ఈడ్చుకుపోసాగింది. ఐలవ్వ నీళ్లలోకి దూకి తన గొంగడి విసిరింది. ఆమె కొట్టుకుపోకుండా భీమన్న ఆమె నడుము పట్టుకున్నాడు. ఏనాడూ దేన్నీ కరవని బొల్లి ఆ గొంగడి కొసను కరిచి పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ఒడ్డుకు లాగారు.

"ఈ కుక్కను నాకిస్తావా?" అని అడిగాడు రాజు.

"బిడ్డనెట్లా ఇస్తాను దొరా? పాలు మరిచాక పిల్లల్ని ఇస్తాను. వాటి మీద కర్ర ఎత్తనని మాటివ్వండి."

రాజు మాటిచ్చాడు. మొదటి పిల్లను భీమన్నే అడిగి, ఒడిలో పెట్టుకుని తీసుకుపోయాడు. కొండకొండనా బొల్లి సంతతి పెరిగింది. చూపుతోనే మందను మలిపే ఆ జాతిని కాపరులు కన్నబిడ్డల్లా సాకారు.

బెదిరిస్తే మంద చెదురుతుంది. ఆదరంతో వెన్నంటి ఉంటే ఏరైనా దాటుతుంది.